ఉద్యోగంతో వచ్చి ఉద్యోగంతో పోయిన చదువు

2020 జూలైలో వెలువడిన జాతీయ విద్యావిధానంలో ఒక నిష్ఠుర సత్యం ఉన్నది. చిన్న తరగతులలో చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు పట్టుబడని పిల్లలకు ఆ విధానంలోని తక్కిన పుటలన్నీ నిరుపయోగమేనని విధానకర్తలే ఒప్పుకున్నారు. ఈ లోటు 2025 నాటికి తీరాలని నిర్దేశించారు. ఏడాది తిరగకుండానే, 2021 జూలై 5న, ‘నిపుణ్ భారత్’ కార్యక్రమాన్ని ప్రారంభిస్తూ కేంద్ర విద్యామంత్రిత్వశాఖ ఆ గడువును 2026-27 విద్యాసంవత్సరానికి జరిపింది. మూడవ తరగతి ముగిసేసరికి ప్రతి బాలుడు, ప్రతి బాలిక అర్థం చేసుకుంటూ చదవగలగాలన్నదే లక్ష్యం. గణతంత్రానికి డెబ్బయ్యయిదేళ్ళు నిండినా ఇంత చిన్న కోరిక జాతీయ లక్ష్యంగానే మిగిలి ఉండడం మన స్థితిని చెప్పకనే చెబుతున్నది.

గడువులు జరగడం ఈ విషయంలో కొత్త కాదు. 1911లో గోపాలకృష్ణ గోఖలే నిర్బంధ ప్రాథమిక విద్యకై ఇంపీరియల్ శాసనమండలిలో బిల్లు ప్రవేశపెట్టగా, మరుసటి సంవత్సరం అది 13 ఓట్లకు 38 ఓట్ల తేడాతో వీగిపోయింది. స్వతంత్ర భారత రాజ్యాంగం 45వ అధికరణంలో, పదునాలుగేళ్ళలోపు బాలలందరికీ పదేళ్ళలో ఉచిత నిర్బంధ విద్య కల్పించడానికి రాజ్యం ప్రయత్నించాలన్నది. ఆ పదేళ్ళు 1960తో ముగిశాయి. ఆ తరువాత ఎన్ని ప్రభుత్వాలు వచ్చాయో అన్ని గడువులు వచ్చాయి.

గడువుల లెక్క ఇలా ఉండగా, ఎవరూ గడువు విధించకుండానే ఒక్క తరంలో నిరక్షరాస్యుల బిడ్డలను ఇంజనీర్లుగా, వైద్యులుగా మలచిన చోటు ఒకటి ఈ దేశంలో ఉన్నది. అది భిలాయి. ప్రభుత్వ ధనంతో, ప్రభుత్వరంగ యాజమాన్యంతో నడిచిన బడులే ఆ పని చేశాయి. సర్కారు బడిలో చదువు రాదన్న నేటి వాదానికి అది సజీవమైన సమాధానం. అయితే ఆ సమాధానంలోనే ఒక పెద్ద లోపమూ దాగి ఉన్నది. ఆ లోపమేమిటో గ్రహించకుండా 2026-27 గడువును గూర్చి మాట్లాడడం వృథా. ఆ ఉక్కుపట్టణం తెలుగువారికి పరాయిది కాదు గనుక మనం దానిని గ్రహించవలసిన అవసరం మరింత ఉన్నది.

ఒక తరంలో జరిగిన పని

భిలాయి ఉక్కు కర్మాగారానికి భారత, సోవియట్ ప్రభుత్వాల మధ్య 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేసును ప్రారంభించారు. నాటికి అది మధ్యప్రదేశ్‌లోని దుర్గ్ జిల్లా. వరిపొలాల నడుమ వెలసిన ఆ కర్మాగారానికి దేశం నలుమూలల నుంచి జనం తరలివచ్చారు. విజయనగరం–రాయపూర్ రైలుమార్గం 1931లోనే పూర్తి కావడంతో ఉత్తరాంధ్ర జిల్లాల వారికి ఆ దారి అప్పటికే తెలుసు. ఫిట్టర్లుగా, వెల్డర్లుగా, గుమాస్తాలుగా, ఇంజనీర్లుగా, మట్టి మోసే కూలీలుగా వేలాది తెలుగు కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి.

కర్మాగారంతో పాటు పట్టణం వచ్చింది. సెక్టార్లవారీగా క్వార్టర్లు, ఆసుపత్రి, మైదానాలు, అన్నిటినీ మించి పాఠశాలలు. కర్మాగారానికి సొంత విద్యావిభాగం ఉండేది. ఉపాధ్యాయుడు కంపెనీ ఉద్యోగి. అతని జీతం నెలనెలా అందేది. అతని బడికి కప్పు, బల్లలు, ప్రయోగశాల, గ్రంథాలయం ఉండేవి. అతని వద్ద చదివే పిల్లవాని తండ్రికి స్థిరమైన జీతం, ఇంటికి నీరు, దీపం, జబ్బు చేస్తే వైద్యం ఉండేవి. వేలిముద్ర వేసే తండ్రుల పిల్లలు ఇంజనీరింగు కళాశాలలకు వెళ్ళారు. ఐఐటీ ప్రవేశపరీక్షలలో భిలాయి పేరు దేశమంతటా మారుమ్రోగింది. 2016లో భిలాయి పేరిటనే ఒక ఐఐటీ నెలకొనడం ఆ ఖ్యాతికి కొనసాగింపే.

ఇందులో మాయ ఏమీ లేదు. పనికి వచ్చే ఉపాధ్యాయుడు, పిల్లవాడు ప్రతిరోజూ వచ్చే బడి, ఆకలి లేని ఇల్లు. ఈ మూడూ ఉంటే అక్షరం దానంతటదే వస్తుందని భిలాయి రుజువు చేసింది. తెలుగు, హిందీ, మలయాళం, పంజాబీ, బెంగాలీ ఇళ్ళ పిల్లలు ఒకే బల్లమీద కూర్చుని చదివారు. కులాన్నీ ప్రాంతాన్నీ కొంతమేరకైనా మరిపించిన ఘనత ఆ బడులది.

రుఆబాంధాలో రెండు బాల్యాలు

అయితే ఆ బల్లమీద చోటు ఎవరికి? ఈ ప్రశ్నకు సమాధానం రుఆబాంధా వంటి చోట స్పష్టంగా కనిపిస్తుంది. ఉక్కుపట్టణంలో ఇదొక సెక్టారు. ఒకవంక కంపెనీ క్వార్టర్లు, వాటిని ఆనుకుని అదే పేరుతో బస్తీ. క్వార్టరులో ఉండేది కర్మాగారపు పర్మనెంటు ఉద్యోగి. బస్తీలో ఉండేవారు కాంట్రాక్టు కూలీలు, ఇళ్ళలో పాచిపని చేసే స్త్రీలు, రిక్షా లాగేవారు, మేస్త్రీలు, చిల్లర వ్యాపారులు. వీరిలోనూ తెలుగువారు ఉన్నారు. పట్టణం నడవడానికి రెండు వర్గాల శ్రమా కావలసిందే. కంపెనీ బడి మాత్రం ప్రధానంగా కంపెనీ ఉద్యోగి బిడ్డ కొరకు కట్టినది. తక్కినవారి స్థానం తరువాతిది. వారికి మిగిలింది రాష్ట్రప్రభుత్వపు బడి, లేదా ఇరుకు గదులలో నడిచే చవక ‘ఇంగ్లీషు మీడియం’ బడి.

బ్రిటిష్ మానవశాస్త్రజ్ఞుడు జోనాథన్ పారీ 1993 నుంచి భిలాయిలో దీర్ఘకాలం పరిశోధన చేసి పెద్ద గ్రంథమే వెలువరించారు. అక్కడి జనం నోట వినిపించే రెండు మాటల చుట్టూ ఆయన విశ్లేషణ సాగింది. ఒకటి ‘నౌకరీ’, రెండవది ‘కామ్’. నౌకరీ అంటే స్థిరమైన ఉద్యోగం, కామ్ అంటే దొరికిన రోజున చేసే పని. ఈ రెండు వర్గాల మధ్య దూరం జీతంలోనే కాక ఇల్లు, పెళ్ళి, పిల్లల చదువు, భవిష్యత్తును గూర్చిన ఆశ వీటన్నిటిలోనూ పెరిగిపోయిందని ఆయన చూపారు. ఒకే కొలిమి వద్ద చెమటోడ్చిన ఇద్దరి పిల్లలు వేర్వేరు బడులలో వేర్వేరు అక్షరాలు దిద్దడం ఈ దూరానికి మూలం.

ఈ అన్యాయాన్ని గుర్తించినవారు లేకపోలేదు. భిలాయికి ముడి ఇనుము సరఫరా చేసే దల్లీ రాజహరా గనులలో కాంట్రాక్టు కార్మికులను 1977 నుంచి సంఘటితం చేసిన శంకర్ గుహా నియోగి, కూలి పెంపుదలతో ఆగలేదు. ఆ సంఘం కార్మికుల చందాలతో, శ్రమదానంతో ఆసుపత్రి కట్టింది, బడులు కట్టింది. యాజమాన్యం పర్మనెంటు ఉద్యోగికి ఇచ్చినదానిని కాంట్రాక్టు కూలీ తన చేతులతో తానే నిర్మించుకోవలసి వచ్చిందన్నమాట. నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయిలోనే హత్యకు గురయ్యారు. ఆయన లేవనెత్తిన ప్రశ్న మాత్రం అలాగే ఉన్నది.

అటుపిమ్మట జరిగినది అందరికీ తెలిసిందే. ఎనభయ్యవ దశకంలో అరవై వేలు దాటిన పర్మనెంటు ఉద్యోగుల సంఖ్య, ఆర్థిక సంస్కరణల తరువాత స్వచ్ఛంద పదవీవిరమణలతో, ఖాళీలు భర్తీ చేయకపోవడంతో ఏటేటా కరిగి సగానికంటె ఎంతో దిగువకు పడిపోయింది. ఆ స్థానాలలోకి కాంట్రాక్టు కూలీ వచ్చాడు. ఉక్కు ఉత్పత్తి తగ్గలేదు, ఉద్యోగం తగ్గింది. ఉద్యోగులు తగ్గితే వారి పిల్లలు తగ్గుతారు, పిల్లలు తగ్గితే బడి ఎందుకన్న లెక్క వచ్చింది. కంపెనీ బడులు కొన్ని మూతపడ్డాయి, కొన్ని విలీనమయ్యాయి. ఒకవంక బడి ఖాళీ అవుతుండగా మరొకవంక బస్తీలో పిల్లలు పెరుగుతూనే ఉన్నారు. వీరిని అందులో కూర్చోబెట్టవచ్చునన్న ఆలోచన విధానంగా రూపొందలేదు. ఎందుకంటే ఆ చదువు బిడ్డ హక్కుగా కట్టినది కాదు, తండ్రి ఉద్యోగానికి అనుబంధంగా కట్టినది. ఉద్యోగంతో వచ్చినది ఉద్యోగంతోనే పోయింది. విశాఖ ఉక్కునగరంలోనూ, సింగరేణి కాలనీలలోనూ కంపెనీ బడులను చూసి గర్వించే తెలుగువారు ఈ పాఠాన్ని జాగ్రత్తగా చదువుకోవాలి.

చట్టం లెక్కించినవి, లెక్కించనివి

ఉద్యోగానికి ముడివేయని చదువు ఒకటున్నది కదా, అదే విద్యాహక్కు చట్టం అని పాఠకులు అనవచ్చు. ఆ చట్టం వెనుక సుదీర్ఘ చరిత్ర ఉన్నది. రాజ్యాంగ ముసాయిదాలోని 36వ అధికరణం, ప్రాథమిక విద్యకు ప్రతి పౌరుడూ హక్కుదారు అన్న మాటలతోనే మొదలయ్యేది. 1948 నవంబరు 23న రాజ్యాంగసభలో పండిత లక్ష్మీకాంత మైత్ర సవరణపై ఆ మాటలను తొలగించి, ‘ప్రయత్నించాలి’ అన్నదానిని మాత్రమే ఉంచారు. అదే రోజున వయోపరిమితిని పదకొండేళ్ళకు తగ్గించాలన్న సూచనను డాక్టర్ అంబేడ్కర్ అంగీకరించలేదు. పదునాలుగేళ్ళలోపు బాలలను కార్ఖానాలలో పెట్టరాదని రాజ్యాంగమే చెబుతున్నప్పుడు, ఆ వయసువరకు వారు ఉండవలసిన చోటు బడియే అన్నది ఆయన వాదం. తొలగించిన హక్కు తిరిగి రావడానికి నలభయ్యయిదేళ్ళు పట్టింది. 1993 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ హక్కును గుర్తించిన ఉన్నికృష్ణన్ కేసులో ప్రతివాది ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో 86వ రాజ్యాంగ సవరణ వచ్చింది. 2009 జూలై 20న రాజ్యసభ, ఆగస్టు 4న లోక్‌సభ విద్యాహక్కు బిల్లును ఆమోదించాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి చట్టం అమలులోకి వచ్చింది.

ఆ చట్టం అనుబంధాన్ని తీసి చూస్తే పాలకుల మనస్తత్వం బోధపడుతుంది. అరవైమంది పిల్లల వరకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలి. ఉపాధ్యాయునికొక గది ఉండాలి. బాలురకు, బాలికలకు వేర్వేరు మరుగుదొడ్లు, తాగునీరు, వంటగది, ఆటస్థలం, గ్రంథాలయం ఉండాలి. అయిదవ తరగతి వరకు ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధనా గంటలు ఉండాలి. ఇవన్నీ అవసరమైనవే. ఇన్ని లెక్కించిన ఆ పట్టిక, పిల్లవాడు ఏ తరగతికి చదవడం నేర్చి ఉండాలన్న ఒక్కదానిని లెక్కించలేదు. 2017లో కేంద్రం నియమావళిని సవరించి తరగతివారీ అభ్యసన ఫలితాలను చేర్చింది నిజమే. కాని మరుగుదొడ్డి లేని బడిని ప్రశ్నించడానికి తండ్రికి చట్టంలో ఆధారం ఉన్నంత స్పష్టంగా, తన కొడుకుకు చదవడం రాలేదని ప్రశ్నించడానికి ఈనాటికీ ఆధారం లేదు.

ఫలితం కళ్ళముందున్నది. ‘ప్రథమ్’ సంస్థ గ్రామీణ ప్రాంతాలలో జరిపే ‘అసర్’ సర్వే ప్రకారం, ప్రభుత్వ పాఠశాలల మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2022లో నూటికి 16 మంది, 2024లో 23 మంది. అయిదవ తరగతిలో అదే రెండవ తరగతి పాఠం చదవగలిగినవారు 2024లోనూ నూటికి 45 మంది లోపే. రెండేళ్ళలో కనిపించిన పెరుగుదల సంతోషించదగినదే. అయినా అయిదేళ్ళు బడికి వచ్చిన పిల్లలలో సగానికి పైగా చదవలేని స్థితిలో బయటకు వస్తున్నారన్నది మరువరాని నిజం. పరిమాణానికి లోటు లేదు, పదార్థం లేదు.

ఇది పొరుగు రాష్ట్రాల ముచ్చట అనుకుంటే పొరపాటు. 2011 జనాభా లెక్కలలో ఛత్తీస్‌గఢ్ అక్షరాస్యత 70.28 శాతం. అదే సంవత్సరం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతం. మనం వెనుకబడినదని భావించే రాష్ట్రం మనకంటె ముందున్నది. 2023-24 శ్రామికశక్తి సర్వేలో దేశ సగటు 80.9 శాతం కాగా, ఆంధ్రప్రదేశ్ 72.6 శాతంతో రాష్ట్రాలన్నిటిలో అట్టడుగున నిలిచింది. 2024-25 విద్యాశాఖ గణాంకాలలో దేశంలోని లక్షా నాలుగు వేల ఏకోపాధ్యాయ పాఠశాలలలో పన్నెండు వేలకు పైగా, అంటే అన్ని రాష్ట్రాలకంటె ఎక్కువ, ఆంధ్రప్రదేశ్‌లోనే ఉన్నాయి. ఒకే మనిషి అయిదు తరగతులకు పాఠం చెబుతూ, హాజరు వేస్తూ, మధ్యాహ్న భోజనం లెక్క రాస్తూ, ఒకటవ తరగతి పిల్లవాని చేయి పట్టుకుని అక్షరం దిద్దించగలడా?

సగటులు మరొక సత్యాన్ని కప్పిపుచ్చుతాయి. అదే 2011లో ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లా అక్షరాస్యత 79 శాతం చేరగా, దక్షిణాన బీజాపూర్ జిల్లాలో అది 41 శాతం కూడా లేదు. దుర్గ్ లెక్కలోనూ క్వార్టరు, బస్తీ కలిసిపోతాయి. పైగా జనగణనలో అక్షరాస్యతను ఎవరూ పరీక్షించరు. ఇంటి పెద్ద చెప్పినదే రాసుకుంటారు. 2021లో జరగవలసిన జనగణన జరగనందున, 2027 జనగణన ఫలితాలు వెలువడే వరకు 2011 నాటి అంకెలే జిల్లాలకు ఆధారం.

నాలుగు భాషల నడుమ బాల్యం

అక్షరం రాకపోవడానికి బీదరికం, ఉపాధ్యాయుల కొరత మాత్రమే కారణాలు కావు. బస్తీలోని తెలుగు కూలీ బిడ్డను తీసుకోండి. ఇంట్లో వినేది ఉత్తరాంధ్ర తెలుగు. వీధిలో ఆడేది ఛత్తీస్‌గఢీలో. బడిలో పుస్తకం హిందీ. తల్లిదండ్రుల ఆశ ఇంగ్లీషు. ఆరేళ్ళ పిల్లవాడు ఈ నాలుగింటి నడుమ నిలబడి దేవనాగరి గుణింతం వల్లిస్తాడు. అక్షరాలను శబ్దాలుగా పలకగలుగుతాడు. పలికిన మాటకు అర్థం అతని ఇంట్లో ఎన్నడూ వినలేదు. చదివినట్లు ఉంటుంది, చదువు రాదు. ఇతనిని మందబుద్ధి అనడం బడి తన అసమర్థతను బిడ్డపై మోపడమే. పక్కనున్న ఛత్తీస్‌గఢీ బాలుని స్థితి దీనికంటె కొంత మేలు. అతని భాషకు 2007లో రాష్ట్ర శాసనసభ గుర్తింపు ఇచ్చినప్పటికీ, బడి భాష మాత్రం హిందీయే.

లిపి స్వభావాన్ని కూడా గమనించాలి. ఇంగ్లీషుకు ఇరవయ్యారు అక్షరాలు. తెలుగు, హిందీ, కన్నడం వంటి లిపులలో గుణింతాలు, ఒత్తులు, సంయుక్తాక్షరాలు కలిసి కొన్ని వందల రూపాలవుతాయి. సోనాలీ నాగ్ కన్నడ బాలలపై జరిపి 2007లో ప్రకటించిన పరిశోధన, ఈ లిపి పూర్తిగా పట్టుబడడం నాలుగవ తరగతి వరకు సాగుతూనే ఉంటుందని తేల్చింది. మన బడులు ఒకటవ తరగతిలో వర్ణమాల ‘అయిపోయింది’ అని ముగించి, రెండవ తరగతి నుంచి పాఠాలలోకి దూకుతాయి. వెనుకబడిన పిల్లవాని కొరకు ఆగే ఏర్పాటు లేదు.

రాజ్యాంగం ఈ పిల్లవానిని మరువలేదు. 1956లో ఏడవ సవరణ ద్వారా చేర్చిన 350-ఏ అధికరణం, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధన కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా యత్నించాలన్నది. అంతకుముందే, 1949 ఆగస్టులో, రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక కొలబద్ద నిర్ణయించింది. ఒక తరగతిలో పదిమంది గాని, బడి మొత్తంలో నలభైమంది గాని ఆ భాష మాట్లాడేవారు ఉంటే ఒక ఉపాధ్యాయుణ్ణి నియమించాలన్నదే అది. ఈ కొలబద్ద వయసు డెబ్బయ్యయిదేళ్ళు దాటింది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను సైతం, ఆచరణసాధ్యమైనంత వరకు బోధన మాతృభాషలో ఉండాలన్నది. ‘ఆచరణసాధ్యమైనంత వరకు’ అన్న మాట మన శాసనాలలో ఎంతటి పెద్ద ద్వారమో పార్లమెంటు వ్యవహారాలు ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఛత్తీస్‌గఢ్ తెలుగువారికి న్యాయం కోరే ముందు మన గడపలోనూ చూసుకోవాలి. 2005 తరువాత సల్వాజుడుం కల్లోలంలో దక్షిణ బస్తర్ పల్లెలు చెదిరి, వేలాది ఆదివాసీ కుటుంబాలు సరిహద్దు దాటి భద్రాచలం, చింతూరు అడవులలో తలదాచుకున్నాయి. వారి బిడ్డలు కోయ మాట్లాడుతూ తెలుగు పలక ముందు కూర్చున్నారు. రుఆబాంధా బస్తీలో తెలుగు బాలుని ఇక్కట్టు ఏదో, భద్రాద్రి అడవిలో కోయ బాలుని ఇక్కట్టూ అదే. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది గిరిజన భాషలలో వాచకాలు తయారుచేసి 2004లో బహుభాషా విద్యను ప్రారంభించారు. అది పెద్దయెత్తున వేళ్ళూనుకోలేదు. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి దశకంలోనే పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకుని, ఆ భాషలో పుస్తకాలు రాసి, సవర బాలలకు వారి నుడిలోనే బడులు పెట్టారు. వ్యావహారిక భాషోద్యమ నాయకునిగా ఆయనను ఏటా స్మరించుకునే మనం, ఆయన చేసిన ఈ మొదటి పనిని మరచిపోయాము.

రాజధానిలో భాషా వివాదానికి ఎన్నడూ లోటు లేదు. 2025లో మహారాష్ట్ర ప్రభుత్వం ఒకటవ తరగతి నుంచే హిందీని మూడవ భాషగా ప్రవేశపెట్టబోయి, తీవ్ర వ్యతిరేకతతో జూన్ చివర ఉత్తర్వులను ఉపసంహరించుకున్నది. మూడవ భాష ఏదన్న ప్రశ్నపై ప్రభుత్వాలు తలకిందులవుతాయి. బిడ్డకు మొదటి భాష దక్కిందా అన్న ప్రశ్నపై ఏ ప్రభుత్వమూ చలించిన దాఖలా లేదు.

కొత్త మెరుగులు, పాత గోడలు

ఛత్తీస్‌గఢ్‌లో ప్రయత్నాలు జరగలేదనడం న్యాయం కాదు. కోవిడ్ కాలంలో బడులు మూతపడినప్పుడు, 2020 ఏప్రిల్‌లో ఆ ప్రభుత్వం ‘పఢయీ తుంహర్ దువార్’, అంటే చదువు మీ గుమ్మానికి అన్న ఛత్తీస్‌గఢీ పేరుతో, ఒక కార్యక్రమం ప్రారంభించింది. చెట్ల కింద, అరుగుల మీద మొహల్లా తరగతులు నడిచాయి. అదే ఏడాది స్వామి ఆత్మానంద ఇంగ్లీషు మీడియం ప్రభుత్వ పాఠశాలలు మొదలయ్యాయి. మంచి భవనాలు, మంచి ఉపాధ్యాయులు కావడంతో తల్లిదండ్రులు బారులు తీరారు. సీట్లు చాలక లాటరీ వేయవలసి వచ్చింది. ప్రభుత్వ బడిని ప్రజలు కోరుకున్నారన్నది శుభవార్త. చదువును చీటీ నిర్ణయించడం మాత్రం పాత గోడకు కొత్త రంగు వేయడమే. ప్రైవేటు బడులలో నాలుగోవంతు సీట్లు బీదలకిచ్చే విద్యాహక్కు చట్టపు 12వ సెక్షనులోనూ ఇదే తీరు. చీటీ పడినవాడు గోడ దాటుతాడు, పడనివానికి గోడ అలాగే ఉంటుంది. కాగా 2025లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం హేతుబద్ధీకరణ పేరిట పదివేలకు పైగా పాఠశాలలను విలీనం చేసింది. వాటిలో అత్యధికం ఒకే ప్రాంగణంలోనివనీ, గురువులు లేని బడులకు గురువులను పంపడమే ఉద్దేశమనీ వివరించింది. ఉపాధ్యాయ సంఘాలు నిరసించాయి. బడుల సంఖ్య తగ్గినా ఉపాధ్యాయుల సంఖ్య తగ్గకుండా, పిల్లవాడు నడిచే దూరం పెరగకుండా చూడగలిగితేనే ఆ వివరణ నిలుస్తుంది.

1966లో కొఠారీ కమిషన్ చెప్పినది ఒక్కటే. ఒక ఇలాకాలోని పిల్లలందరూ, తండ్రి హోదాతో నిమిత్తం లేకుండా, ఒకే ఇరుగుపొరుగు బడిలో చదవాలి. జాతీయాదాయంలో ఆరు శాతం విద్యకు ఖర్చు చేయాలి. ఆరు శాతాన్ని 2020 విధానం మళ్ళీ వల్లించింది. మనం ఏనాడూ దానిని చేరలేదు. ఒకే బడి మాట మాత్రం ఎవరూ వల్లించడం లేదు. 2015 ఆగస్టు 18న అలహాబాద్ హైకోర్టు, ప్రభుత్వ ఖజానా నుంచి జీతం తీసుకునేవారందరూ తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక బడులకే పంపేలా చూడాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ తీర్పు అమలైన జాడ లేదు. తీర్పు ఉచితానుచితాలు ఎట్లున్నా అందులోని మర్మం భిలాయి ఎరిగినదే. అధికారి బిడ్డ కూర్చునే బల్ల విరగదు.

చేయదగిన పనులు అసాధ్యమైనవి కావు. ప్రభుత్వరంగ పట్టణాలలో ఖాళీ అవుతున్న బడులను మూసివేయక, ఆ ఇలాకాలోని పిల్లలందరికీ తెరవాలి. కంపెనీకి భారమైతే, దాని యజమాని అయిన కేంద్రం, ఆ రాష్ట్రం కలిసి ఖర్చు భరించాలి. 2025-26 బడ్జెటులో పాఠశాల విద్యకు కేటాయించిన 78,572 కోట్ల రూపాయలలో దీనికి చోటు దొరకకపోదు. ఒకటి, రెండు తరగతులకు బిడ్డ ఇంటిభాష ఎరిగిన మనిషిని, అవసరమైతే ఆ బస్తీలోనే చదువుకున్న యువతిని, సహాయకురాలిగా నియమించాలి. 1949 కొలబద్దకు అదే నేటి రూపం. బడిలోని అత్యుత్తమ ఉపాధ్యాయుణ్ణి పదవ తరగతికి కాక ఒకటవ తరగతికి పంపాలి. రోజులో కొంతసేపైనా పిల్లలను తరగతివారీగా కాక వచ్చిన చదువును బట్టి గుంపులుగా కూర్చోబెట్టి నేర్పే పద్ధతి మన దేశంలోనే రూపొందింది. ‘ప్రథమ్’ చేపట్టిన ఆ పద్ధతిని పరీక్షించి నిగ్గుతేల్చినవారిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో ఉన్నారు. వారికి 2019లో నోబెల్ వచ్చింది. ఆ పద్ధతి మన సాధారణ బడికి మాత్రం ఇంకా పూర్తిగా రాలేదు.

అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటున్నది. మూడవ తరగతి చివర ప్రతి బడిలో, తల్లిదండ్రుల ఎదుట, పిల్లలు ఒక పేజీ చదివి వినిపించాలి. ఎందరు చదవగలిగారో గోడమీద రాయాలి. చదవలేని పిల్లలను శిక్షించడానికో, తరగతిలో నిలిపివేయడానికో కాదు. వారికి అదనపు ఉపాధ్యాయుణ్ణి, అదనపు గంటలను ప్రభుత్వం ఇచ్చి తీరాలన్న షరతు చట్టం అనుబంధంలో మరుగుదొడ్డి పక్కన, ఆటస్థలం పక్కన చేరాలి. కార్ఖానాలో వచ్చిన ఉక్కు ప్రతి ఒక్క పోతకూ పరీక్ష ఉన్నది. లోపమున్న పట్టా రైలుమార్గానికి వెళ్ళదు. అదే పట్టణంలో అయిదేళ్ళ చదువు పరీక్ష లేకుండానే బయటకు వెళ్ళిపోతున్నది.

నిపుణ్ భారత్ గడువు ముగిశాక మరొక కార్యక్రమం, మరొక పేరు రావచ్చు. అంతకుముందే విద్యాహక్కు చట్టాన్ని సవరించి, ఉద్యోగికి క్వార్టరుతో పాటు దక్కిన చదువు బస్తీ బిడ్డకు హక్కుగా దక్కేలా చేయవలసిన బాధ్యత పార్లమెంటుది. తెలుగు సభ్యులు రెండు సభలలోనూ గణనీయమైన సంఖ్యలో ఉన్నారు. ఈ సవరణను ప్రతిపాదించడానికి ఒక ప్రైవేటు సభ్యుని బిల్లు చాలు. గోఖలే బిల్లు వీగిపోయిన సభలో ఆయన పక్షాన ఓటు వేసినవారు పదమూడుగురే. ఈనాటి సభలో పదమూడుగురైనా లేస్తారా అన్నదే ప్రశ్న.